మోటు సరసం

ఏటా సెలవులకు కుటుంబమంతా అక్క ఉండే నగరానికే వెళ్తాం. ఆ ఊరి దారులు నాకు దెబ్బలతో గుర్తు. మ్యూజియం మెట్ల మీద బావ కాలు అడ్డంపెడితే ముందు పన్ను విరిగింది. పార్కు చెరువులో పడవ షికారుకెళ్తే, వెనకనుంచి తెడ్డుతో ఒక్కటిచ్చాడు. ఎడమ చెవికి వినికిడి పోయింది.

"బావాబావమరుదుల సరసాలకి రోషమేంట్రా?" అని ప్రతిసారీ అక్కే నా నోరు మూయించేది.

క్షమించడం గొప్పదని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. రాసినవాళ్లెవరికీ ఇలాంటి బావ లేడనుకుంటాను.

ఈసారి వెళ్లేసరికి అక్క ముంజేతికి కట్టుంది. జారిపడ్డానంది. ఆ ఇంటి బాత్రూం నేల ఎప్పుడూ జారుడే.

మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే బావ నా కుర్చీ వెనక్కి లాగాడు. నడుము నేలకు కొట్టుకుని కళ్లు బైర్లు కమ్మాయి. పిల్లలంతా నవ్వారు.

"మీ తాతకి కూర్చోవడం కూడా నేర్పాలర్రా," అన్నాడు బావ.

బల్ల పట్టుకుని లేచాను. పక్కనున్న నా చేతికర్ర తిరగేసి, పిడితో అతని మూతి మీద శక్తికొద్దీ కొట్టాను. పళ్లు కంచంలో రాలాయి. నెత్తురు చొక్కా మీదకి కారింది.

"సరసం, బావా," అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కర్ర నా చేతిలోంచి జారిపోయింది. వంటింట్లోంచి అక్క పరిగెత్తుకొచ్చింది. తిడుతుందని తల దించుకున్నాను.

అక్క తన మొగుడి నోటికేసి చాలాసేపు చూసింది. తర్వాత వంగి, కట్టులేని చేత్తో కర్ర తీసి నాకిచ్చింది.

"మళ్లీ ఆడరా సరసం. ఇందాక నేను చూడలేదు."