పదకొండు మంది దాటాక

"తీగ తీస్తవా అన్నా, పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?" అని అడిగింది భార్గవి.

రూప్లా చేతిలోని తీగచుట్ట కింద పెట్టలేదు. "చెయ్యి మేడం. వచ్చేటప్పుడు పెద్ద బండి తెమ్మను. పందులను గూడా పట్టుకపోతరు."

ఏన్కూరు దాటాక అడవిని ఆనుకుని ఉన్న మక్కచేను అది. తండా పిల్లలు పదకొండు మంది దాని గట్టు మీదుగానే బడికి పోయి రావాలి. బడి విడిచాక వాళ్లను ఆరింటి దాకా కూర్చోబెట్టి చదివిస్తుంది భార్గవి. గది బడి వాళ్లది, ఆమె జీతం పాల్వంచలో ఎవరో పుణ్యాత్ములది, గుగ్గిళ్లు ఏన్కూరు బట్టల కొట్టు చాంద్ పాషావి. తలా ఓ చెయ్యి వేస్తే నడుస్తున్న సాయంత్రం బడి. ఇప్పుడు ఆ గట్టు పక్కనే, మోకాలెత్తున, రూప్లా కరెంటు తీగ కడుతున్నాడు.

"ఒక్క పిల్ల కాలు జారి తీగ మీద పడితే?"

"మూడేండ్ల సంది ఒక్క కంకి ఇంటికి రాలే మేడం. రాత్రికి ఇరవై పందులొస్తయ్. ఈ యేడు గూడా పోతే నా బతుకేంగావాలె? మీ బడిల గుగ్గిళ్లు నాకు గూడా పెడ్తరా?"

భార్గవి ఫోన్ తీసింది. పక్కనే ఉన్న చాంద్ పాషా ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. కేసైతే రూప్లా జైలుకు పోతడు. రేపటి సంది తండా మొత్తం మన బడికి పిల్లల్ని పంపుడు బంద్ జేస్తది." తర్వాత రూప్లా వైపు తిరిగాడు. "నువ్వు గూడా ఇను. పిల్లలు దాటేదాక స్విచ్ వెయ్యకు. పదకొండు మందిని లెక్కపెట్టుకో. పదకొండో పిల్ల దాటినంకనే వెయ్యి. తెల్లారంగనే తీసెయ్యి. గంతే."

పామూ చావదు, కర్రా విరగదు. పెద్దమనుషుల తీర్పులు ఇలాగే ఉంటాయి. భార్గవికి మనసొప్పలేదు. కరెంటుతో రాజీ ఏమిటని లోపల పీకుతూనే ఉంది. కానీ పిల్లలు రాకపోతే బడే ఉండదు.

"ఒట్టెయ్యన్నా," అంది చివరికి.

"సేవాలాల్ మహరాజ్ మీద ఒట్టు. పదకొండు మంది దాటందే స్విచ్ మీద చెయ్యి పెట్ట."

మధ్యాహ్నానికే ఆ సంగతి తండా అంతా పాకింది. రూప్లా మొండివాడే గాని, ఒట్టు వేస్తే తప్పేవాడు కాడు.

సాయంత్రం స్టార్టర్ డబ్బా పక్కన గొంతుక్కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పిల్లలకు ఇదో ఆట అయిపోయింది.

"మామా, నన్ను లెక్కవెట్టినవా?"

"వెట్టిన, నడువ్. పక్కకు చూడకుంట పో."

అందరికన్నా వెనక రవికుమార్ చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చాడు. పదకొండు. రూప్లా మళ్లీ మొదటి నుంచి గట్టు మీది తలలు లెక్కపెట్టుకున్నాడు. పదకొండే. వాళ్లు తండా మలుపు తిరిగేదాకా ఆగాడు. ఇన్నాళ్లూ ఈ పిల్లలు తన చేను పక్క నుంచి పోతున్నారన్న ధ్యాసే అతనికి లేదు. ఇవాళ ఒక్కొక్కరి ముఖం చూశాడు. మంచి పనే చేశాననిపించింది. స్విచ్ వేశాడు.

చీకటి పడుతుండగా డబ్బా మీది బల్బు ఒక్కసారి మసకబారి, మళ్లీ వెలిగింది. తీగకు ఏదో తగిలింది. రూప్లా చెవులు రిక్కించాడు. పంది అరుపు లేదు. కిక్కురుమనకుండా పోయిందంటే పెద్దదే అయ్యుంటుందనుకున్నాడు. మూడేళ్ల కసి తీరినట్టయింది. స్విచ్ తీసి, కర్ర, టార్చి పట్టుకుని గట్టెక్కాడు.

పది అడుగులు వేశాడో లేదో ఫోన్ మోగింది. భార్గవి.

"అన్నా, పావుగంట సంది చేస్తున్న, సిగ్నలే దొరుకుతలేదు. పిల్లలు దాటిన్రా?"

"అవ్ మేడం. పదకొండు మందిని రెండుసార్లు లెక్కవెట్టిన. సల్లగ ఇంటికి చేరిన్రు. మీకింక భయం లేదు."

"అయితే ఇంకొంచెం ఆగన్నా, స్విచ్ వెయ్యకు. నువ్వు ఒట్టేసి గట్టు కాడ కాపలుంటవని ఇని, పందుల భయానికి ఇన్ని దినాలు పంపని మీ తండా ద్వాలక్క ఇయ్యాల తన బిడ్డను పంపింది. గుగ్గిళ్ల గిన్నె కడిగి ఆఖరుకు ఒక్కతే ఉరికింది, నీ చేన్ల కాడికి వచ్చే ఉంటది, చూడు."