కలకండ పొట్లం

"ఇవాళ సరుకు బాగుంది తమ్ముడూ."

ముసలాయన అటూ ఇటూ చూసి, టిష్యూ కాగితాల మధ్య దాచిన చిన్న కవరు మురోటా చేతిలో పెట్టాడు.

లోపలున్నది కలకండే. అయినా మురోటాకి నోరూరింది. అరచేతులు చెమర్చాయి.

ఒసాకాలోని ఆ క్లినిక్‌లో ప్రతి మంగళవారం ఇదే తంతు. ముందు మత్తుమందు పలుకుల్లా కనబడే కలకండతో దాన్ని గుర్తుచేసి ఆశ రేపుతారు. వెంటనే దిగులు జబ్బుకిచ్చే మాత్ర మింగిస్తారు. అలా చేస్తూ పోతే జ్ఞాపకం మొద్దుబారుతుందని డాక్టర్ల నమ్మకం.

పేర్లు అడగకపోవడం అక్కడి మర్యాద. ఎండైనా వానైనా గొడుగుతో వచ్చే ఆ ముసలాయన్ని అందరూ 'గొడుగు' అనేవారు.

మురోటా లారీ డ్రైవరు. రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి జారితే కూతురి మొహం చూడనివ్వనని విడిపోయిన భార్య తెగేసి చెప్పింది. మానీ మానీ అలసిపోయాడు పాపం.

"అచ్చం మా వీధిలో అమ్మేవాడిలాగే ఇస్తున్నావే! ఎన్ని కొంపలు ముంచావేం?"

"ఒక్కటే తమ్ముడూ."

"సిగ్గులేదూ చెప్పడానికి?"

మురోటా కవరు ఆయన మొహాన కొట్టాడు. గొడుగు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పలుకూ ఏరాడు. చేతులు గజగజ వణుకుతున్నాయి.

'తాగుబోతు వెధవ' అనుకున్నాడు మురోటా, మాత్ర మింగుతూ.

ఐదో నెలలో ఒక మంగళవారం ఆ పొట్లం చేతిలో పడ్డా నోరూరలేదు. కలకండ కలకండలాగే కనబడింది.

ఆయనకి ఏదో చెప్పాలనిపించింది మురోటాకి. మొహం చెల్లలేదు. వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాడు.

తర్వాతి వారం, అక్కడివాళ్ళు తప్పు ఒప్పుకోవడానికి పట్టుకెళ్ళే మిఠాయి డబ్బాతో వెళ్ళాడు. పొట్లం పట్టుకుని ఇనాగాకి అనే నర్సు నిలబడి ఉంది.

"గొడుగు ఏడీ?"

"శనివారం పోయారండీ. లివరు ఎప్పుడో పాడైంది. పాత సూదుల పుణ్యమే."

"సూదులా? అంటే ఆయన కూడా..."

"పంతొమ్మిదేళ్ళయింది మానేసి. అయినా ఈ పొట్లం పట్టుకుంటే చాలు, ఆశ రేగి చేతులు వణికేవి."

మురోటా డబ్బా బల్లమీద పెట్టేశాడు.

"మరి ఆ మాత్రేదో ఆయనకీ ఇవ్వకపోయారా?"

"ఇస్తామన్నాం. 'నేనూ మరిచిపోతే వీళ్ళకి సరిగ్గా గుర్తుచేసేదెవరమ్మా' అని ఆయనే వద్దన్నారు."