వెనక తెర మీద ఆమె

“గా బొమ్మలేసేది మీరేనా సార్?”

రిసెప్షన్ దగ్గర అడ్డం తగిలిన మనిషిని రవికాంత్ ఎగాదిగా చూశాడు. చెమటకు ఒంటికి అతుక్కుపోయిన చొక్కా. మెడలో కొలతల టేపు. గల్లీలో బట్టలు కుట్టుకునే మనిషని చూడగానే తెలుస్తోంది.

“ఏ బొమ్మలు?”

“ఎండదెబ్బకు పడిపోయిన ఆడామె బొమ్మలు. దినాం టీవీల చూపిస్తున్నరు గద సార్. నా పేరు శివరాములు, అమీర్‌పేటల బట్టలు కుడ్త. మీతోని జర మాట్లాడాలె.”

రెండువేల ఏడు, మే నెల. పంజగుట్టలో అద్దాల మేడ పైన ఆ చానల్ ఆఫీసు. ఇంకాసేపట్లో లైవ్. ‘గ్లోబల్ వార్మింగ్: నిజమా? బూటకమా?’ అని పొద్దుట్నుంచి ఊదరగొడుతున్నారు. దానికి ప్రొడ్యూసర్ రవికాంతే. భోజనం ప్యాకెట్ల ఆశ చూపించి కోచింగ్ సెంటర్ల నుంచి తోలుకొచ్చిన జనంతో స్టూడియోలో సగం కుర్చీలే నిండాయి.

“లోపల కూర్చోండి. షో అయ్యాక మాట్లాడదాం” అన్నాడు. ఇంకో కుర్చీ నిండుతుంది కదా అని.

మేకప్ గదిలో ఇద్దరు వక్తలూ జీడిపప్పు తింటూ నవ్వుకుంటున్నారు. వార్మింగ్ బూటకమని వాదించే రిటైర్డ్ ఇంజనీరు జోగారావు. నిజమని వాదించే పర్యావరణ సంఘం అధ్యక్షురాలు అరుణాదేవి.

“ఈసారి బల్ల మెల్లగా గుద్దండి జోగారావు గారూ. పోయినసారి నా మైకు ఊడి కింద పడింది.”

“మీరు కంటతడి పెట్టండి మేడమ్. అప్పుడు నేను గుద్దక్కర్లేదు.”

రవికాంత్ ఉండబట్టలేక అడిగాడు. “మనలో మాట సార్. ఎండలు నిజంగా పెరుగుతున్నాయంటారా, లేదంటారా?”

“పెరక్కేం? మొన్ననే వంటింట్లో కూడా ఏసీ పెట్టించాను” అన్నాడు జోగారావు. “కానీ నేనూ అవునంటే మీకు షో ఎక్కడిదయ్యా?”

అరుణాదేవి పకపకా నవ్వింది.

రవికాంత్‌కు ఆ నవ్వు నచ్చలేదు. అయినా నవ్వాడు. నవ్వి, కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాడు.

లైవ్ మొదలైంది.

ఆయన బల్ల గుద్దాడు. ఈమె కంటతడి పెట్టింది. ఇద్దరి వెనకా పెద్ద తెర. దాని మీద పోయిన నెల పంజగుట్ట ఫుట్‌పాత్ మీద ఎండకు సొమ్మసిల్లి పడిపోయి, అక్కడే ప్రాణం విడిచిన ఆడమనిషి. చెదిరిన చీర, తెరుచుకున్న నోరు. పక్కనుంచి తప్పుకుపోతున్న కాళ్లు. అయిపోగానే మళ్లీ మొదటికి. మళ్లీ అదే నోరు, అవే కాళ్లు.

ఆ దృశ్యం వేసినప్పుడల్లా రేటింగ్ లేస్తుందని మొదట కనిపెట్టింది రవికాంతే.

యాంకర్ సుమశ్రీ మైకు పట్టుకుని జనంలోకి వచ్చింది. శివరాములు ముందు ఆగింది.

“మీరు చెప్పండి! గ్లోబల్ వార్మింగ్ నిజమా? బూటకమా?”

అతను లేచి నిలబడ్డాడు. సుమశ్రీ వైపు కాదు, తెర వైపే చూశాడు.

“నాకు గవన్ని తెల్వయి తల్లీ. ఆమె పైట జరిగింది. గా బొమ్మ జర తీసెయ్యిండ్రి. మీకు దండం పెడ్త.”

వెనక వరసలోంచి ఎవడో ఈల వేశాడు.

“చూశారా! ఇంత సీరియస్ చర్చ జరుగుతుంటే ఈయన చూపు ఎక్కడుందో!” అన్నాడు జోగారావు.

అంతా గొల్లున నవ్వారు. కంటతడి ఆరకముందే అరుణాదేవి కూడా నవ్వింది.

“మైకు లాక్కో, సుమా. నెక్స్ట్!” అని సుమశ్రీ చెవిలోని ఇయర్‌పీస్‌లోకి అరిచాడు రవికాంత్.

సెక్యూరిటీవాళ్లు రెక్క పట్టుకుని లాక్కుపోతుంటే శివరాములు పెనుగులాడలేదు. తలుపు దగ్గర ఒక్కసారి తెరవైపు తిరిగి చూసి, తల దించుకున్నాడు.

షో అయ్యాక సుమశ్రీ పరుగున వచ్చింది.

“ఆయన ఆమె మొగుడై ఉంటాడు రవీ! లేకపోతే అంత బాధెందుకు? రేపు ఆయన్నే కూర్చోబెడదాం. ఏడిస్తే చాలు, అదిరిపోతుంది.”

రవికాంత్‌కు అసహ్యం వేసింది. ఆ ఆలోచన తనకు ఆమెకంటే ముందే వచ్చినందుకు ఇంకా అసహ్యం వేసింది.

అయినా మర్నాడు కెమెరామన్‌ను వెంటబెట్టుకుని అమీర్‌పేట గల్లీలన్నీ గాలించాడు. చివరికి కొట్టు దొరికింది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల మిషన్ లేదు. పక్క బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తున్న బుచ్చమ్మ తలెత్తింది.

“శివరాములన్న కోసమా? పోయిండు సార్. మిషన్ సుత ఆటోల ఏసుకున్నడు. గీ పట్నం మొకం మల్ల చూడనన్నడు.”

“ఎక్కడికి?”

“ధర్మపురిల ఆమె అస్తికలు గోదారి గంగల కలిపి, అటునుంచి అటే ఊరికి పోతడట.”

కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది. రవికాంత్ మైకు ముందుకు చాపాడు.

“అంటే ఎండదెబ్బకు చనిపోయినావిడ ఆయన భార్యేనన్నమాట!”

“భార్యనా? గాయనకు పెండ్లే కాలె సార్.”

“మరి అక్కా? చెల్లెలా?”

బుచ్చమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

“ఎవలని చెప్పాలె సార్? ఆమె పేరు సుత ఎరుకలేదు గాయనకు. దిక్కులేని పీనుగని మార్చురీల పడేసిండ్రట, ఎన్ని దినాలైనా ఒక్కలు రాలె. ‘నేను ఆమె తమ్మున్ని’ అని పోలీసోల్లకు అబద్ధం చెప్పి తెచ్చుకున్నడు సార్, లేకుంటె ఆమెకు కొరివి పెట్టేటోడు ఎవడుండె?”