ఒక్క నొక్కుతో ఊడే బిళ్ళ

బడిలో చేరిన ప్రతి పిల్లకూ పళ్ళకు క్లిప్పులు పెడతారు, ఆ క్లిప్పులకు ఒక బిళ్ళ బిగిస్తారు. నోట తెలుగు మాట వచ్చిందంటే బిళ్ళ నాలుకకు షాక్ కొడుతుంది. ఇంటికొచ్చినా అది ఊడేది కాదు. అందుకే ఆ బడిలో చదివే ధాత్రి, తన అమ్మమ్మతో మాట్లాడటం మానేసింది.

ధాత్రి తల్లి అరుంధతి ఆ బిళ్ళల కంపెనీలోనే డిజైనరు. పైవాళ్ళతో పోరిపోరి కొత్త బిళ్ళ తయారుచేసింది. ఎంత గుంజినా రాదు. పక్కనున్న మీట నొక్కితే మాత్రం ఇట్టే ఊడుతుంది, ఏ తీగకైనా మళ్ళీ అతుక్కుంటుంది. ఆ సాయంత్రం కూతురి బిళ్ళ తనే తీసి చేతిలో పెట్టింది.

"ఇక ఇంట్లో నీ ఇష్టం తల్లీ. అమ్మమ్మతో కబుర్లు చెప్పుకో, పో."

ధాత్రి అమ్మమ్మ గదిలోకి పరుగెత్తింది.

కాసేపటికి అమ్మమ్మ గిన్నెలోని తీగల కట్టుడు పళ్ళు పెట్టుకుని అన్నానికి వచ్చింది.

"ఏమే అరుంధతీ, పప్పులో ఉప్పు..." అంటూనే నోరు పట్టుకుని కూలబడింది. బాధకు "అమ్మా!" అని అరిచింది. అదీ తెలుగే. బిళ్ళ మళ్ళీ కొట్టింది.

ధాత్రి చప్పట్లు చరిచింది.

"స్కూలు గేటు దగ్గర అందరి ముందూ 'ఒసేయ్ పిల్లా' అని అరిచావుగా! ఇంగ్లీషులో ఏడు అమ్మమ్మా, ఆగిపోతుంది."