అలవాటయ్యేదాకా

"దీన్ని ఈ హాల్లో పెడితే మాత్రం నా వల్ల కాదండీ," అంటూ కుక్కల ట్రైనరు సంచి భుజానికి తగిలించుకున్నాడు.

ఒకవైపు టీవీ మోగుతోంది, ఇంకోవైపు కుక్కరు కూస్తోంది. మధ్యన ఇనుప బోనులో నల్లటి కుక్కపిల్ల, పేరు బొగ్గు, కొత్త ఫోమ్ పరుపు మూల కొరుకుతూ కుయ్యో మొర్రో అంటోంది. ఇంటాయనకు పరుపుల షాపు ఉంది. ఆ పరుపు తానే కొలిచి కోయించి తెచ్చాడు కాబట్టి ఆయన మొహం మాడిపోయింది.

ట్రైనరు కాస్త మెత్తబడి చెప్పుకొచ్చాడు. ముందు దాన్ని బోను అనడం మానమన్నాడు, అది దాని ఇల్లట. పాలపళ్ల పిల్లకు ఫోమ్ వేస్తే ముక్కలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందట. ఉతకడానికి వీలైన పాత బట్ట, అదీ మనిషి వాసన ఉన్నది వేయాలట. సందడి లేని గదిలో పెట్టి, అలవాటయ్యేదాకా పక్కన ఒకరు పడుకోవాలట.

"అది ఏడ్చినప్పుడు మాత్రం దాని ఇంటి తలుపు తీయకండి. ఒక్కసారి తీశారంటే, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని దాని బుర్రకెక్కిపోతుంది. ఇక మాన్పించడం ఎవరి తరమూ కాదు."

అందరూ ఇంటాయన అక్క వైపు చూశారు. ఊరందరికీ పరుపులమ్మే ఆ ఇంట్లో, హాల్లో సోఫా వెనక చాప మీద పడుకునేది ఆవిడే. టీవీ ఆపి అందరూ లోపలికి పోతే తప్ప నడుం వాల్చే వీల్లేదు. షాపులో మిగిలిన సరుకు కుక్కిన చివరి గది తనకిమ్మని ఎన్నిసార్లడిగినా తమ్ముడు 'చూద్దాంలే అక్కా' అనేవాడు. ఇప్పుడు కుక్క కోసం ఒక్క పూటలో ఖాళీ చేయిస్తానన్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. కానీ నోరు మెదిపితే వచ్చే గది కూడా పోతుంది.

"అలవాటయ్యేదాకా నువ్వు అందులో పడుకో అక్కా. నీ బొంత దానికి వేద్దాం. ఈ ఫోమ్ ఒక మూలే కొరికింది, నువ్వేసుకో," అన్నాడు తమ్ముడు.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ తలూపింది.

ఆ గదికి లోపలి గడియ ఉంది. మొదటిరోజు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. కాళ్లు చాపుకుంది. ఎవరో దాటుకుంటూ పోతారన్న భయం లేకుండా పడుకోవడం ఎంత హాయో!

వచ్చిన చిక్కల్లా కుక్కతోనే. అది మహా తెలివైంది. కొద్దిరోజులకే తనంతట తాను బోనులోకి దూరి, బొంత మీద గుండ్రంగా తిరిగి ముడుచుకుని పడుకోసాగింది. ట్రైనరు పొంగిపోయి, బంగారంలాంటి పిల్ల, ఇంకొన్నాళ్లలో ఎక్కడ పెట్టినా ఒంటరిగా పడుకుంటుందన్నాడు. ఆవిడ గుండె గుభేలుమంది. అలవాటయ్యేదాకా అన్నాడు కదా తమ్ముడు! అంటే అలవాటైన మర్నాడే చాపా, సోఫా వెనకా. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమని ఆవిడకు తెలియనిదా? వాణ్ణి పుట్టిన దగ్గర్నుంచీ చూస్తోంది.

ఇక ఆవిడ చేయకూడని పని మొదలుపెట్టింది. పిల్ల చిన్నగా మూలిగితే చాలు, బోను తలుపు తీసి బిస్కెట్టు పెట్టి ఒళ్లోకి తీసుకునేది. మూలగకపోతే తానే గొళ్లెం కదిలించి లేపేది. దానికేం తెలుసు పాపం, నేర్పింది నేర్చుకుంది. చూస్తుండగానే రాత్రుళ్లు దాని ఏడుపుకు ఇంటిల్లిపాదికీ నిద్ర కరువైంది. పై వాటా వాళ్లు వచ్చి నానా మాటలూ అనిపోయారు.

ట్రైనరు బుర్ర గోక్కున్నాడు.

"మధ్యలో తలుపేమైనా తీస్తున్నారామ్మా?"

"లేదు బాబూ," అంది ఆవిడ. అప్పుడు కూడా ఆ పిల్ల ఆవిడ వేలే నాకుతోంది. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా చెప్పలేదు.

ఒక సాయంత్రం కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చేసరికి బొగ్గు గుమ్మంలోకి పరిగెత్తుకు రాలేదు. దాన్ని ఎవరో తోటవాళ్లకు ఇచ్చేశానని తమ్ముడు చెప్పాడు. బోనూ గీనూ వాళ్ల దగ్గర ఉండవట, గేటుకు గొలుసుతో కట్టేస్తారట.

"నీకూ నిద్ర లేదు కదక్కా. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

ఒళ్లో నిద్రపోయిన పిల్ల, గొలుసుకట. అది తాను చేసిన పాపమే. అంత బాధలోనూ, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆవిడకు గది గుర్తొచ్చింది. కూరల సంచి కింద పెట్టి గబగబా అటు నడిచింది. గది నిండా ప్లాస్టిక్ కవర్ల పరుపులు, నేల నుంచి కప్పుదాకా. ఆవిడ దిండూ బొంతా సోఫా వెనక పడేసి ఉన్నాయి.

"కుక్కే పోయాక గదెందుకని సరుకు దింపించాం వదినా," అంది మరదలు బీరకాయలు ఏరుకుంటూ. "కాపలాకనే కదా తెచ్చుకున్నాం! అది నిద్ర నేర్చుకుని ఉంటే బోను తెచ్చి హాల్లో మీ చాప చోట పెట్టేవాళ్లం, గది మీకే ఉండిపోయేది."