పెంటకుప్ప మీద పండగ

చుక్కల పెట్టకి ఏ సంతోషమొచ్చినా కడుపులో దాగదు. గడ్డివాము వెనకాల గుడ్డు పెట్టడం ఆలస్యం, "పెట్టానోచ్! గుడ్డు పెట్టానోచ్!" అని పెరడంతా హోరెత్తించేది. ఆ కేక విని కాకి వచ్చి వాలేది, గుడ్డు ఎత్తుకుపోయేది. అప్పుడు పెట్ట ఏడుపుతో పెరడు మళ్ళీ హోరెత్తేది.

"కాస్త నోరు మూసుకోవే తల్లీ," అంది బాతు. "నేను పెట్టడం లేదూ గుడ్లు? ఎవరికైనా తెలుస్తోందా?"

మర్నాడు పెట్ట గుడ్డు పెట్టి, నోరు బిగించుకుని కూర్చుంది. కేక లోపలే ఉబ్బింది. ఈకలు నిక్కబొడుచుకున్నాయి. కళ్ళు తిరిగాయి.

"నా వల్ల కాదు బాతక్కా! అరవకపోతే చచ్చిపోతాను!"

అంటూనే గుడ్డు మీద గడ్డి కప్పి, కేకని గొంతులోనే పట్టుకుని, పెరటి చివరనున్న పెంటకుప్ప దాకా ఒకటే పరుగు. కుప్పెక్కి, రెక్కలు విదిలించి, గొంతు చించుకుంది.

"పెట్టానోచ్!"

కాకి ఎగిరొచ్చి కుప్పంతా కెలికింది. ముక్కంతా పేడ అయింది గానీ గుడ్డు మాత్రం దొరకలేదు.

ఆ మర్నాడు పెట్ట పరుగెత్తుకొచ్చేసరికి కుప్ప మీద బాతు నిలబడి ఉంది. సిగ్గుపడుతూ అటూ ఇటూ చూసి, మెల్లిగా మెడ చాచింది.

"నేనూ పెట్టానోచ్!"