మెమరీ అంతా మింగినవాడు

“కదలవేం తల్లీ!” అంటూ స్క్రీన్‌కి దణ్ణం పెట్టింది ఆ అమ్మాయి.

పక్క కుర్చీలోని పెద్దావిడ నవ్వింది. ల్యాబ్‌లో ఎప్పుడూ చూడని మనిషి.

“ఏం కడుతున్నావమ్మా?”

“ఇండెక్సండీ. పుస్తకం చివర పదాల సూచికలా, తెలిసిన సూక్ష్మజీవులన్నింటి జన్యుక్రమాలకీ. పాతది డిస్కుతోపాటే పోయింది. ఇది పూర్తయితేగానీ పాప రక్తంలో దొరికినవి ఏ జీవి తాలూకు ముక్కలో పోల్చలేం.”

“ఏ పాప?”

“ఆసుపత్రిలో ఉందండీ. జ్వరం దిగట్లేదు. ఏ మందు వెయ్యాలో సాయంత్రంలోగా తేలాలి. ఇదేమో నత్తనడక! పనిని పంచుకుని ఒకేసారి నడిచే థ్రెడ్లు రెట్టింపు చేస్తే ఇంకా నెమ్మదించింది.”

“ఇరుకు వంటింట్లోకి మరో నలుగురు వంటవాళ్లని తోస్తే అంతేగా! థ్రెడ్లు తగ్గించు. మెమరీ ఎంత మిగిలిందో చూడు.”

చూసింది. అడుగంటింది. అందుకే పనంతా డిస్కు మీదికి దొర్లి ఈడుస్తోంది.

“ఎవరో మహానుభావుడండీ, అందరం వాడే ఈ మెషీన్‌లో ఏదో లెక్క నడుపుతూ మెమరీ అంతా మింగి కూర్చున్నాడు! ఖాతాకి పేరు కూడా లేదు, ఒట్టి నంబరు. కుంభకర్ణుడు! వీడి మూలాన పెళ్లయి నెల తిరక్కుండానే మా ఆయన్ని ఒంటరిగా సినిమాకి పంపాను.”

“కొత్త పెళ్లికూతురివా! అందుకే తిట్టేటప్పుడు కూడా నవ్వు మొహమే. వెళ్లి టీ తాగిరా. వచ్చి మళ్లీ మొదలుపెట్టు.”

తిరిగొచ్చేసరికి మెమరీ ఖాళీ!

మొదలుపెట్టగానే ఇండెక్స్ పరుగందుకుంది. అమ్మాయి బల్ల మీద దరువేసింది.

పొద్దు వాలకముందే పోలిక తేలింది. ఫోన్‌లో డాక్టర్ గొంతు మారిపోయింది. “దొరికిందా! మందు ఇప్పుడే మొదలెడతాం.”

ఆనందం పట్టలేక కుర్చీలో గిర్రున తిరిగింది. ముందు పెద్దావిడకే చెప్పాలి.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

మెషీన్లు చూసే ఆపరేటర్ దగ్గరికి పరుగెత్తింది.

“ఆవిడా? వెళ్లిపోయారమ్మా. ఇవాళే రిటైరయ్యారు. వాళ్ల ఖాతా కూడా మూసేశాం.”

“అయ్యో! మంచి చిట్కా చెప్పారు. థాంక్స్ కూడా చెప్పలేదు.”

“చిట్కా ఏమిటమ్మా!” అన్నాడాయన. “ఆవిడ ఇన్నేళ్ల పరిశోధనకీ ఆఖరి లెక్క, రేపటికి తేలేది; ఖాతా కూడా అప్పటిదాకా ఉంచుదామనుకున్నాం. మీరు టీకి వెళ్లగానే, మెమరీ అంతా పట్టుకుని కూర్చున్న ఆ లెక్కని తన చేత్తో తనే ఆపేశారు.”